ట్యాంకులో పెట్రోలు, ఇంజనుకు కఱవు

గడచిన వేసవిలో ఒక ఆదివారమునాడు మా మేనల్లుడు నన్ను చెన్నపట్నమునకు సమీపముననున్న ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటకు తీసికొనిపోయెను. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు నెలకొల్పగా 1990లో ప్రారంభమైన బాట అది. పందెగాండ్రకే కాక, ఏర్పాటైన దినములలో ఉత్సాహవంతులైన సామాన్యులకును అచ్చట తమ కార్లను వేగముగా నడుపుకొను అవకాశము కలదు. మా వాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. జీతములో పెద్దభాగమును ఒక టర్బో కారునకు ధారపోయుచున్నాడు. టర్బో పీడనమును పెంచి, ఇంజనును నడుపు కంప్యూటరులోని పట్టికలను మార్పించి, దాని బలమును సుమారు 300 అశ్వశక్తులకు చేర్చినాడు. ఇంత బలము దేనికిరా అని వాని తల్లి అడిగినది. వాడు చెప్పిన సమాధానము ఆమెకు నచ్చినట్లు లేదు.

ఆ ఉదయమున కారు మొదటి చుట్లు చక్కగా తిరిగెను. పిమ్మట ఒక పొడవైన కుడి మలుపులో, యాక్సిలరేటరును పూర్తిగా నొక్కిపట్టిన వేళ, దగ్గు తెర వచ్చిన మనిషివలె ఒక కుదుపు కుదిపి బలము కోల్పోయెను. రెప్పపాటులో మరల పుంజుకొనెను. మరుసటి చుట్టులో అదే మలుపు, అదే దగ్గు. ఈ జబ్బు కొత్తది కాదట. అంతకు మునుపే స్పార్కు ప్లగ్గులు మార్చినాడు, కాయిళ్లు మార్చినాడు, ఒక పెద్ద గ్యారేజిలో రెండు దినములుంచినాడు. ఊరిలోని రోడ్లమీద కారు పక్షివలె పోవుచుండుటచే అచ్చటివారికి దోషమేదియు కనబడలేదు. బిల్లు మాత్రము కనబడినది.

మరియొకరి కారువెంట వచ్చిన ఒక వృద్ధ మెకానిక్కు ఈ గొడవనంతయు విని, చేతులు తుడుచుకొనుచు దగ్గరకు వచ్చెను.

"బండి ఎటు తిరిగినప్పుడు దగ్గుతోంది బాబూ?"

"కుడివైపు తిరిగినప్పుడేనండీ."

"ట్యాంకులో ఎంతుంది?"

"పావు ట్యాంకు ఉంటుందండీ."

"అయితే ఫుల్లు చేయించుకొచ్చి మళ్లీ తిప్పు."

ట్యాంకు నింపించుకొని వచ్చిన పిమ్మట ఆ దగ్గు మచ్చునకైనను వినబడలేదు. నెలల తరబడి దొరకని దోషము రెండు ప్రశ్నలతో దొరికినది. అది ఇంజనులో లేదు. పెట్రోలు ట్యాంకులో ఉన్నది. కాని ఇంజనునకు అందుట లేదు. ఇంజనీర్లు దీనినే ఇంధనపు కఱవు అందురు. ఊరి చెరువు నిండియున్నను తూము నోటికి నీరు తగులనిచో చివరిపొలము ఎండిపోవును గదా! ఇదియు అట్టిదే.

ఈ కఱవు కేవలము చికాకు కలిగించునదైనచో ఇంత చర్చ అవసరము లేదు. పెట్రోలు పూర్తిగా మండుటకు ఒక పాలు పెట్రోలునకు తూకములో సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. టర్బో ఇంజను పూర్తి బలముతో పనిచేయునపుడు ఇంజనీర్లు కావలెననియే పెట్రోలును ఇంకను ఎక్కువగా ఇత్తురు. పన్నెండు పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున. ఆ యెక్కువ పెట్రోలు ఆవిరియగుచు మంటగదిలోని వేడిని కొంత తగ్గించును. సరిగా ఆ సమయముననే పెట్రోలు తగ్గినచో, గాలి మాత్రము టర్బోచే యథాప్రకారము తోయబడుచునే యుండును. మిశ్రమము పలుచబడును. వేడి పెరుగును. మంట క్రమముగా వ్యాపించుటకు మారుగా, మిగిలిన మిశ్రమము తనంతట తానే భగ్గున పేలును. దీనిని మెకానిక్కులు నాకింగు అందురు. అల్యూమినియపు పిస్టను ఈ దెబ్బలకు ఎంతోసేపు నిలువదు. అంచు కరగుటయో, నడుమ రంధ్రము పడుటయో జరుగును. మా వానికి దగ్గుగా వినిపించినది ఆ ప్రమాదమునకు తొలి హెచ్చరికయే. ఇంజను మాట అటుంచి, మలుపు నడుమ చక్రముల లాగుడు హఠాత్తుగా పోయి, హఠాత్తుగా తిరిగివచ్చుట కారును బాటనుండి తొలగించుటకును చాలును.

పాత కార్లలో ఈ బాధ ఇంత తీవ్రముగా ఎందుకు లేదని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. నేనును ఆ వృద్ధుని అదే అడిగితిని. ఆయన నవ్వి, "పాత బండికి గిన్నె ఉండేది సార్!" అనెను. అందలి భావము విచారించి చూచినకొలది నాకు ముచ్చట గొలిపినది.

కార్బురేటరులో ఒక చిన్న గిన్నె యుండెడిది. అందులో తేలు బుడ్డి, దానితో కదలు సూదివంటి కవాటము. గిన్నె నిండినపుడు పెట్రోలు దారి మూసికొనును, తగ్గినపుడు తెఱచుకొనును. ఇంజను త్రాగునది ట్యాంకునుండి కాదు, ఈ గిన్నెనుండి. ట్యాంకునుండి వచ్చు గొట్టములో ఒకటి రెండు సెకనులు గాలి వచ్చినను, గిన్నెలోనున్న పెట్రోలు ఆ లోటును కప్పిపుచ్చెడిది. గాలి బుడగ గిన్నెలోనికి వచ్చి, పైకి తేలి, బయటికి పోయెడిది.

అయితే ఆ గిన్నెకును దాని బలహీనత కలదు. 1940లో బ్రిటను గగనతలమున జరిగిన యుద్ధములో స్పిట్‌ఫైరు, హరికేను విమానములు నడపినవారు దానిని ప్రాణముల మీదికి తెచ్చుకొని నేర్చుకొనిరి. వారి మెర్లిను ఇంజనులకు కార్బురేటర్లుండెను. శత్రువిమానమును తరుముచు ముక్కును ఒక్కసారి క్రిందికి వంచినచో, గిన్నెలోని పెట్రోలు పైకప్పునకు ఎగసి, ఇంజను మొదట కఱవుతోను, వెంటనే వరదతోను ఆగిపోయెడిది. జర్మనుల మెస్సర్‌స్మిట్ 109లో డైమ్లర్ బెంజ్ ఇంజను. దానికి పెట్రోలును నేరుగా చిమ్ము ఇంజెక్షను ఏర్పాటుండెను. వారు నిశ్చింతగా క్రిందికి దూకి తప్పించుకొనెడివారు.

దీనికి తాత్కాలికోపాయము కనిపెట్టినది ఒక స్త్రీ. ఫార్న్‌బరోలోని విమాన పరిశోధనాలయములో పనిచేయుచుండిన బియాట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు, ఇంజను పూర్తి బలమునకు కావలసినంత పెట్రోలును మాత్రమే పోనిచ్చు చిన్న రంధ్రముగల లోహపు బిళ్లను గొట్టములో అమర్చుడనెను. దానితో వరద ఆగెను. 1941 మార్చి నాటికి ఆ బిళ్లలు యుద్ధవిమానములలో అమర్చబడినవి. ఈమె స్వయముగా మోటారు సైకిలు పందెములలో పేరొందినది. బ్రూక్‌లాండ్స్ బాటపై గంటకు నూరు మైళ్లకు మించిన వేగముతో చుట్టు తిరిగి బంగారు నక్షత్రము గడించినది. తనకు కాబోవు భర్తయు ఆ నక్షత్రమును గడించినగాని పెండ్లాడనని పట్టుబట్టినదని ఒక కథ ప్రచారములో నున్నది. అతడును గడించెను.

యుద్ధానంతరము ఇంజెక్షను విమానములనుండి కార్లకు దిగెను. 1954లో వెలువడిన మెర్సిడిస్ 300 ఎస్.ఎల్. అను ప్రసిద్ధ క్రీడావాహనమున బాష్ కంపెనీవారి ఇంజెక్షను పంపు ఉండెను. 1967లో అదే కంపెనీ ఎలక్ట్రానిక్ పద్ధతిని ఫోక్స్‌వాగన్ కార్లకు అందించెను. మన దేశములో ఈ శతాబ్దారంభమున వచ్చిన పొగ నిబంధనలతో కార్బురేటరు కార్లనుండి క్రమముగా నిష్క్రమించినది. దానితోబాటు గిన్నెయు పోయినది.

ఇంజెక్షను కారులో పెట్రోలు ప్రయాణము ఇట్లుండును. ట్యాంకులోపలనే మునిగియున్న ఒక విద్యుత్ పంపు పెట్రోలును పీల్చి, ఇంజనుమీది గొట్టములోనికి సుమారు 3 బార్ల పీడనముతో, అనగా మన చుట్టునున్న వాతావరణ పీడనమునకు మూడు రెట్ల ఒత్తిడితో, త్రోయును. ఆ గొట్టమునకున్న ఇంజెక్టర్లు కంప్యూటరు చెప్పినంతసేపు తెఱచుకొని పెట్రోలును చిమ్మును. ఎంతసేపు తెఱచిన ఎంత పెట్రోలు వచ్చునో అను లెక్కయంతయు ఆ పీడనముపై ఆధారపడినది. పెట్రోలు నొక్కిన కుదించుకొనని ద్రవము. గాలియో, నొక్కినకొలది నలుగునది. పంపు నోటిలోనికి గాలి చొరబడినచో పీడనము కూలును. నడుమ ఆ లోటు కప్పుటకు గిన్నె లేదు. గాలి ఇంజెక్టరువరకు వచ్చును. అంతియే కాదు, ఆ పంపును చల్లబరచునదియు, దాని లోపలి భాగములకు నూనెవలె ఉపకరించునదియు దానిగుండ పారు పెట్రోలే. మాటిమాటికి గాలి మ్రింగు పంపు త్వరలో అరిగిపోవును.

ఇక పావు ట్యాంకు ఉండగా పంపు నోటికి పెట్రోలు అందకపోవుట ఎట్లు? కొద్దిపాటి లెక్క వేసి చూతము. చేతిలో నిండు గ్లాసు పట్టుకొని బస్సులో కూర్చున్నవారికి, బస్సు మలుపు తిరుగునపుడు నీరు ఒకవైపునకు వాలుట తెలియును. బస్సు మలుపులో ఆ వాలు కొద్దిపాటిదే. పందెపు బాటమీద, మంచి టైర్లున్న కారు 62 మీటర్ల వ్యాసార్ధముగల మలుపును గంటకు 90 కిలోమీటర్ల వేగముతో తిరిగినచో, పక్కకు త్రోయు బలము భూమ్యాకర్షణతో సమానమగును. అప్పుడు ట్యాంకులోని పెట్రోలు ఉపరితలము 45 డిగ్రీలు వాలును. అనగా, పెట్రోలునకు గోడయే సగము నేలయగును.

ట్యాంకు 80 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు, 25 సెంటీమీటర్ల నిడివి గల పెట్టె యనుకొందము. అందు 40 లీటర్లు పట్టును. పంపు నోరు అడుగున సరిగా నడుమ, అనగా ప్రక్కగోడకు 40 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. సగము ట్యాంకు ఉన్నప్పుడు, ఆ మలుపులో, పెట్రోలు ఒక గోడకు చేరి, అడుగున 50 సెంటీమీటర్ల వరకు పరచుకొనును. పంపు నోరు ఇంకను మునిగియే యుండును. పావు ట్యాంకు, అనగా 10 లీటర్లు ఉన్నప్పుడు, అడుగున 30 సెంటీమీటర్లకే ఆగిపోవును. పంపు నోటికిని పెట్రోలు అంచునకును జానెడు దూరమునకు సగము ఎడమయ్యెను! పది లీటర్ల పెట్రోలు ట్యాంకులో నుండగనే పంపు గాలిని త్రాగుచున్నది. నిజమైన ట్యాంకులు ఇంత సరళమైన పెట్టెలు కావు. అయినను సగము ట్యాంకుకు క్రిందుగా ఎందుకు పోరాదో ఈ లెక్క చెప్పుచున్నది. మామూలు రోడ్డుమీద మనము తిరుగు మలుపులలో ఆ బలము దీనిలో మూడవవంతైనను అరుదుగా నుండును. గ్యారేజివారికి దోషము కనబడకపోవుటకు ఇదియే కారణము.

కుడి మలుపులోనే ఎందుకు? పెట్రోలు ఎడమవైపునకు పోవును. ఆ కారులో పంపు కుడివైపుననుండెను. వెనుకచక్రములకు బలమందించు కార్లు కొన్నింటిలో, నడుమ తిరుగు ఇరుసునకు దారి విడుచుటకై, ట్యాంకును గుఱ్ఱపు జీనువలె రెండు సంచులుగా చేయుదురు. పంపు ఒక సంచిలోనే యుండును. రెండవ సంచిలోని పెట్రోలును ఇవతలికి చేర్చుటకు కదలు భాగములు లేని ఒక చిన్న జెట్ పంపు ఉండును. ఇంజనునుండి తిరిగివచ్చు పెట్రోలు సన్నని ముక్కుగుండ వేగముగా పోవుచు, పక్కనున్న పెట్రోలును తనవెంట ఈడ్చుకొనిపోవును. ఏర్పాటు తెలివైనదే. కాని పొడవైన మలుపులో పెట్రోలు అవతలి సంచికి పోవు వేగము, జెట్ పంపు ఇవతలికి తెచ్చు వేగమును మించును.

కార్ల నిర్మాతలు ఈ సంగతి ఎఱుగనివారు కారు. ట్యాంకులో పంపు చుట్టును ఒక ప్లాస్టిక్ కుండను అమర్చుదురు. ట్యాంకులో అడ్డుపలకలు కట్టుదురు. వారు ఉద్దేశించినది రోడ్డుమీది మలుపులు. మామూలు టైర్లు తీసివేసి, పందెపు టైర్లు తొడిగి, బాటమీదికి పోవువాడు ఆ ఉద్దేశమునకు వెలుపల నడుచుచున్నాడు. తరువాతి బాధ్యత వానిదే.

మొదటి ఉపాయమునకు ఖర్చు లేదు. సగమునకు తగ్గకుండ ట్యాంకును నింపుకొనుట. బరువు పెరుగునని యువకులు దీనిని చిన్నచూపు చూతురు. ఇరువది లీటర్ల పెట్రోలు బరువు పదునైదు కిలోలు మాత్రమే. కరగిన పిస్టనుతో పోల్చినచో ఏపాటి?

అడ్డుపలకలు మరియొక ఉపాయము. వానికి ఒకవైపునకే తెఱచుకొను చిన్న తలుపులుండును. పెట్రోలు పంపువైపునకు రావచ్చును, పోరాదు. మన పల్లెలలో ఎలుకబోను కట్టువారికి ఈ సూత్రము కొత్త కాదు. పందెపు కార్ల ట్యాంకులలో సచ్ఛిద్రమైన నురుగు దిమ్మలు నింపుదురు. అవి పెట్రోలు ఎగసిపడుటను ఆపుటయేకాక, ప్రమాదములో మంట వ్యాపించుటనుకూడ నిరోధించును. కాని నురుగు పెట్రోలును నెమ్మదింపజేయునే గాని నిలుపలేదు. ఆరేడు సెకనుల మలుపులో పెట్రోలు చివరకు గోడకే చేరును. పైగా కాలక్రమమున ఆ నురుగు పొడియై ఫిల్టరులో చేరుటయు కలదు.

నిశ్చయమైన ఉపాయము సర్జ్ ట్యాంకు. ఒకటి రెండు లీటర్లు పట్టు నిలువైన లోహపు గిన్నె. ట్యాంకులోని పంపు ఇక ఇంజనునకు పెట్రోలు పంపదు. ఈ గిన్నెను నింపుటయే దాని పని. గిన్నె అడుగునుండి రెండవ పంపు పెట్రోలును తీసికొని అధిక పీడనముతో ఇంజనునకు పంపును. మలుపులో మొదటి పంపు గాలి మ్రింగినను, ఆ గాలి గిన్నె పైభాగమునకు తేలి, అచ్చటనున్న గొట్టముగుండ ట్యాంకునకు తిరిగిపోవును. అడుగుననున్న రెండవ పంపునకు పెట్రోలు తప్ప మరియొకటి తెలియదు. ఆ వృద్ధుడు చెప్పిన పాత గిన్నె ఇదియే! డెబ్బది ఏండ్ల క్రిందట తీసి పారవేయుటకు మొదలుపెట్టినదానిని, పందెగాండ్రు డబ్బిచ్చి మరల కొనుచున్నారు.

ఒక లీటరు చాలునా అని మా వాడు సందేహించెను. 300 అశ్వశక్తుల ఇంజను పూర్తి బలముతో గంటకు సుమారు 90 లీటర్ల పెట్రోలు త్రాగును. సెకనుకు 25 మిల్లీలీటర్లు, అనగా ఐదు చిన్న చెంచాలు. ఒక లీటరు 40 సెకనులు వచ్చును. ఏ మలుపును అంత పొడవుండదు. ఇందొక మెలిక కలదు. పంపు ఇంజను త్రాగుదానికంటె ఎంతో ఎక్కువ పెట్రోలును త్రోయును. మిగిలినది వేఱొక గొట్టముగుండ తిరిగివచ్చును. ఆ తిరుగు గొట్టమును గిన్నెలోనికే కలుపవలెను. పొరబాటున ట్యాంకునకు కలిపినచో, గంటకు 255 లీటర్లు త్రోయు పంపు లీటరు గిన్నెను పదునాలుగు సెకనులలో ఖాళీ చేయును. గొట్టము ఎక్కడ కలిపితిమన్న ఒక్క విషయములో గిన్నె బలము మూడవవంతునకు పడిపోవును. అమర్చినవారిని ఈ ప్రశ్న తప్పక అడుగవలెను.

అన్ని కఱవులును మలుపులవలననే రావు. తిన్ననిబాటలో, పూర్తి వేగమున మాత్రమే ఇంజను నీరసించినచో కారణము వేఱు. మురికి పట్టిన ఫిల్టరు నెమ్మదిగా పోవునపుడు చాలినంత పెట్రోలు విడుచును, వేగమున విడువలేదు. పంపునకు పోవు సన్నని పాత తీగలో ఒకటి రెండు వోల్టులు హరించుకొనిపోయినచో పంపు మెల్లగా తిరుగును. బాటరీనుండి లావు తీగ నేరుగా లాగి, రిలే ద్వారా కలిపినచో పాత పంపే కొత్తదైనట్లగును. టర్బో పీడనము పెంచినవారు మఱచునది మరియొకటి కలదు. ఇంజెక్టరుకు అవతల గాలి ఒక బారు పీడనముతో ఎదురు త్రోయుచున్నపుడు, ఆ 3 బార్ల అంతరము నిలుపుటకు పంపు 4 బార్లు ఇవ్వవలెను. పీడనము పెరిగినకొలది ఏ పంపైనను తక్కువ పెట్రోలే త్రోయగలదు. ఎక్కువ కావలసినప్పుడే తక్కువ వచ్చును.

మన దేశమునకు సంబంధించిన సంగతి ఒకటి. 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల ఇథనాలు కలుపుట దేశమంతట సాధారణమైనది. ఇథనాలులో మండుశక్తి పెట్రోలుకంటె తక్కువగుటచే, అదే బలమునకు నూటికి ఏడెనిమిది పాళ్లు ఎక్కువ ఇంధనము చిమ్మవలెను. పూర్వము సరిగ్గా సరిపోయిన పంపు ఇప్పుడు చాలకపోవచ్చును. పాత ట్యాంకు అడుగున పేరుకొన్న మడ్డిని ఇథనాలు కరగించి ఫిల్టరునకు చేర్చును. కొన్ని పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును. పాత కారు బాటకు తీసికొనిపోవువారు ఫిల్టరును, గొట్టములను ముందుగా మార్చుట మేలు.

ట్యాంకు ఊపిరి సంగతియు మఱువరాదు. పెట్రోలు బయటికి పోయినకొలది దాని స్థానమున గాలి లోనికి రావలెను. ఆ దారి మూసుకొనినచో లోపల శూన్యప్రాయమై, పంపు ఎంత పీల్చినను పెట్రోలు కదలదు. ఇట్టి శూన్యము ఎంతటివారినైనను విడువదు. 2022 మార్చి 20వ తేదీన బహ్రెయినులో జరిగిన ఫార్ములా వన్ పందెములో రెడ్ బుల్ జట్టు కార్లు ముందువరుసలో నుండెను. 57 చుట్ల పందెములో, రెండవ స్థానముననున్న మాక్స్ వెర్‌స్టాపెన్ కారు 54వ చుట్టులో నీరసించి ఆగెను. ఆఖరిచుట్టులో మొదటి మలుపువద్ద సెర్జియో పెరెజ్ కారు ఇంజను ఆగి, కారు గిరికీ కొట్టి నిలిచెను. ఇంధన వ్యవస్థలో శూన్యస్థితి ఏర్పడి పంపు పెట్రోలును లాగలేకపోయినదని జట్టువారు తరువాత తెలిపిరి. లోకములో అత్యంత నిపుణులైన ఇంజనీర్లకు మూడు చుట్ల వ్యవధిలో రెండు కార్లు పోయినవి. మా వానికి ఇది విని కొంత ఊరట కలిగినది.

కావున ఊహించుటకంటె కొలుచుట మంచిది. పెట్రోలు గొట్టమునకు ఒక పీడన సెన్సరు తగిలించి, ఆ అంకెను పక్కబలముతోను, యాక్సిలరేటరు స్థితితోను కలిపి నమోదు చేసినచో కథ తేటపడును. మలుపులలోనే పీడనము కూలినచో ట్యాంకు దోషము. తిన్ననిబాటలో వేగమునకొలది క్రమముగా జారినచో పంపు, ఫిల్టరు, తీగల దోషము. ఆరంభమున బాగుండి వేడెక్కిన పిమ్మట తగ్గినచో పెట్రోలు గొట్టములలో ఆవిరియగుచున్నదని అనుమానింపవచ్చును. పీడనము నిర్ణీతాంకముకంటె తగ్గినవెంటనే ఇంజను బలమును తగ్గించునట్లు కంప్యూటరునకు చెప్పుటయు సాధ్యమే. పిస్టనులకు అది భీమా వంటిది.

సర్జ్ ట్యాంకు పెట్టువారు చాలమంది దానిని డిక్కీలో బిగింతురు. అనగా, పెట్రోలు పీడనముతో పారు గొట్టములు మనము కూర్చున్న గదిలోనికి వచ్చినట్లే. ఇట్టి అమరికకు నడుమ లోహపు గోడ, పెట్రోలు ఆవిరి లోనికి రానీయని మూత తప్పనిసరి. గొట్టములు ఇథనాలునకు తాళునవై, రాపిడి తగులని చోట బిగింపబడవలెను. కారు దేనినైనను గుద్దుకొనిన మరుక్షణమున రెండు పంపులును ఆగిపోవునట్లు స్విచ్చి ఉండవలెను. ఇంజను ఆగిన తరువాతకూడ తిరుగుచుండు పంపు తెగిన గొట్టమునుండి మంటకు పెట్రోలు పోయుచుండును. ఆ వృద్ధ మెకానిక్కు ఈ విషయములో మాత్రము నవ్వలేదు. తీగలు రిలేకు నేరుగా కలిపి స్విచ్చి లేకుండ వదలిన ఒక కారును చూపి, దానిని నడిపినవానిని అందరిముందు చివాట్లు పెట్టెను.

మార్గశిరములో మేము మరల ఆ బాటకు పోయితిమి. మా వాడు గిన్నెను ట్యాంకు సమీపమున, కారు అడుగున లోహపు పెట్టెలో బిగింపించినాడు. తిరుగు గొట్టము గిన్నెలోనికే కలుపబడినదో లేదో వాడే వంగి చూచినాడట. కావలెననియే పావు ట్యాంకుతో బయలుదేరెను. నేను పక్కసీటులో కూర్చుండి, శిరస్త్రాణము బిగించుకొని, పీడనపు అంకెవైపే చూచుచుంటిని. కుడి మలుపు వచ్చినది. నా తల ఎడమ అద్దమునకు తగిలినది. అంకె 3 బార్లవద్ద కదలక నిలిచినది. ఆరవ చుట్టులో పెట్రోలు హెచ్చరిక దీపము వెలిగెను. మా వాడు కారును మెల్లగా పక్కకు తీసి, బంకు దారి పట్టించెను.